పది సెంట్ల పెట్టె — అల్ఫోన్స్ డెజార్డిన్ జీవితం

ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్నప్పుడు మనమంతా చెవులు రిక్కించి వినే సంగతులు రెండే. మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత? ఆదాయం రెండు, వ్యయం పధ్నాలుగు అని సిద్ధాంతిగారు చదివేసరికి సభలో నవ్వులు పుడతాయి. నవ్వేవారిలో సగంమందికి ఆ లెక్క పంచాంగం చెప్పకముందే తెలుసు.

పరరాష్ట్రాలలో స్థిరపడిన మన కుటుంబాల చరిత్ర తిరగవేస్తే మొదటి పుటలోనే ఒక అప్పు కనబడుతుంది. షోలాపురం మగ్గాలకు, బొంబాయి మిల్లులకు, మద్రాసు రేవుకు వచ్చిన మన పెద్దలు రైలు చార్జీకి చేసిన అప్పు, గది అడ్వాన్సుకు చేసిన అప్పు, చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు. కొత్త ఊరిలో మనల్ని ఎరిగినవారెవరు? పొలం లేదు, ఇల్లు లేదు, హామీ నిలిచే మేనమామ లేడు. బ్యాంకు మెట్లెక్కడానికి కాళ్ళు రావు. ఇక మిగిలింది వీధి చివర వడ్డీవ్యాపారి. ఆ తరువాత నెలచీటీలు వచ్చాయి. ఇంకొన్నాళ్ళకు సహకార పరపతి సంఘాలు వచ్చాయి.

మాలో కొందరం అటువంటి సంఘంలో ఏళ్ళ తరబడి సాయంకాలాలు కూర్చొని పద్దులు వ్రాసినవాళ్ళం. జీతం లేదు. టీ ఖర్చు కూడా సొంతమే. ఇంటికి ఆలస్యంగా చేరినప్పుడల్లా, ఊరివాళ్ళ డబ్బు లెక్కపెట్టడానికి నీకెందుకంత తాపత్రయం అని ఇంట్లో అడిగితే తిన్నని జవాబు చెప్పలేకపోయేవాళ్ళం. ఇటువంటి పని మనకంటె ముందు ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని వెతుక్కుంటూ పోగా మా చేతికి చిక్కిన జీవితకథ ఇది. కథానాయకుడు మన దేశంవాడు కాడు. ఐనా మన కథకు ఆయన కథతో ఒకటి రెండు ముడులు ఉన్నాయి. అవి ఎక్కడెక్కడ పడ్డాయో అక్కడక్కడ చెబుతాము.

కెనడా దేశపు క్విబెక్ రాష్ట్రంలో బడిపిల్లవాడిని అడిగినా డెజార్డిన్ పేరు చెబుతాడు. ఊరూరా ఆ పేరు గల బోర్డులున్నాయి. అది ఫ్రెంచి పేరు. యానాంలో ఫ్రెంచి బడిలో చదువుకొన్న మన పెద్దలైతే చివరి అక్షరాన్ని ముక్కుతో పలికి దేజార్దేఁ అంటారు. మాకు ఆ నోరు తిరగదు గనుక ఇంగ్లీషువారి పలుకుబడికి దగ్గరగా డెజార్డిన్ అనే వ్రాస్తున్నాము. యానాం మిత్రులు మన్నింతురు గాక.

ఆయన 1854 నవంబరు 5వ తేదీన లేవీ అనే ఊరిలో పుట్టారు. సెయింట్ లారెన్స్ మహానదికి ఒక ఒడ్డున లేవీ, ఎదుటి ఒడ్డున క్విబెక్ నగరం. మన రాజమండ్రి, కొవ్వూరు వంటి జంట అనుకోవచ్చు. తేడా ఏమిటంటే, ఆ నది చలికాలంలో మంచుగడ్డలతో నిండిపోతుంది. తల్లిదండ్రులకు పదిహేనుమంది సంతానం. అల్ఫోన్స్ ఎనిమిదవవాడు. బీద ఇల్లు. ఊరి కాలేజీలో కొన్నేళ్ళు చదివి, పదహారేళ్ళ ప్రాయంలో చదువు ఆపి, కొంతకాలం సైన్యంలో ఉండి, తరువాత పత్రికలలో చేరారు. 1879 సెప్టెంబరులో సొరెల్ పట్టణపు అమ్మాయి డొరిమెన్‌ను పెళ్ళాడారు. ఈమె పేరు పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి. కథ సగం ఈమెదే.

పత్రికల ఉద్యోగం నిలకడ లేనిది. క్విబెక్ శాసనసభలో జరిగే చర్చలను అచ్చువేసి ప్రకటించే పని పెట్టుకొని పదేళ్ళపాటు నడిపారు. ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు ఆగిపోగానే ఆ పనీ ఆగిపోయింది. 1891లో సొంతంగా ఒక దినపత్రిక పెట్టారు. అది కొద్ది నెలలకే మూతపడింది. ఇంటినిండా పిల్లలు. చివరకు 1892లో ఒట్టావాలోని కేంద్ర పార్లమెంటులో ఫ్రెంచి షార్టుహ్యాండు వ్రాతగానిగా ఉద్యోగం దొరికింది. సభ్యులు ఫ్రెంచిలో చేసే ప్రసంగాలను సంకేతలిపిలో తీసుకొని శుభ్రప్రతి వ్రాసి ఇవ్వడం ఆయన విధి. పార్లమెంటు నడిచే నెలలలో ఒట్టావా, మిగిలిన నెలలు లేవీ. ఇరవైఐదేళ్ళు ఈ రాకపోకలతోనే గడిచాయి.

షార్టుహ్యాండు వ్రాసేవారిని ఎవరూ లెక్కచేయరు. సభలో వారు కుర్చీ బల్లలతో సమానం. కాని అందరి మాటలూ విని, విన్నదానిని మళ్ళీ ఒకసారి వ్రాసి, వ్రాసినదానిని మళ్ళీ ఒకసారి చదివేవారు వారే. 1897 ఏప్రిల్‌లో మాంట్రియల్ సభ్యుడు క్విన్ అనే ఆయన వడ్డీవ్యాపారాన్ని అదుపు చేయాలని ఒక బిల్లు మీద మాట్లాడారు. మాంట్రియల్‌లో ఒకతను 150 డాలర్లు అప్పు చేసి, 5000 డాలర్లు వడ్డీ కట్టవలసి వచ్చిన సంగతి సభకు చెప్పారు. అసలుకు ముప్పైమూడు రెట్లు వడ్డీ! సభ్యులు విన్నారు, విచారించారు, తరువాతి అంశానికి పోయారు. డెజార్డిన్‌కు మాత్రం ఆ మాట మనసులో ముల్లులా దిగబడిపోయింది.

వడ్డీకి చట్టంతో కళ్ళెం వేయవచ్చు. మంచిదే. ఐతే కళ్ళెం వేసిన మరునాడు కూలివానికి జబ్బు చేస్తే, పనిలేని చలికాలంలో బొగ్గు కొనవలసి వస్తే, అతనికి అప్పు ఇచ్చేదెవరు? పాతవాడే చాటుగా ఇస్తాడు, చాటు ఖర్చు కూడా వడ్డీలో కలుపుతాడు. కాబట్టి వడ్డీవ్యాపారిని తిట్టడంతో పని తీరదు, అతని దగ్గరకు పోనక్కరలేని మరొక తలుపు తెరవాలి. డెజార్డిన్ ఆలోచన ఈ దారిని పోయింది.

పార్లమెంటు గ్రంథాలయంలో ఆయనకు హెన్రీ వుల్ఫ్ అనే ఆంగ్ల రచయిత ప్రజల బ్యాంకులను గురించి 1893లో ప్రకటించిన గ్రంథం దొరికింది. జర్మనీలో రైఫైజన్ రైతులతో పెట్టించిన పరపతి సంఘాలు, షుల్జ్ పట్టణాల చేతిపనివారితో పెట్టించిన బ్యాంకులు, ఇటలీలో లుజాట్టి నడిపిన బ్యాంకులు అందులో ఉన్నాయి. బీదవారు తమ చిల్లరను ఒకచోట చేర్చి, తమలో అవసరమున్నవారికి తామే అప్పు ఇచ్చుకొంటున్నారన్న సంగతి చదివి డెజార్డిన్ 1898లో వుల్ఫ్‌కు ఉత్తరం వ్రాశారు. వుల్ఫ్ జవాబు వ్రాయడమే గాక యూరపులోని సహకార పెద్దల చిరునామాలు పంపారు. ఇక ఉత్తరాలే ఉత్తరాలు. పగలు పార్లమెంటు పని, రాత్రి ఫ్రాన్సుకు, ఇటలీకి, బెల్జియంకు ప్రశ్నలు.

ఇక్కడ మన కథకు మొదటి ముడి పడుతుంది. సరిగ్గా ఆ కాలంలోనే మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని ఇదే విషయం పరిశీలించమని నియమించింది. ఆయన యూరపులోని పరపతి సంఘాలను పరిశోధించి, 1895లోను 1897లోను రెండు పెద్ద సంపుటాల నివేదిక సమర్పించారు. ఆనాటి మద్రాసు రాజధానిలో మన సర్కారు జిల్లాలు, దత్తమండలం కూడా ఉండేవి గనుక ఆ నివేదిక మన రైతుల అప్పుల గురించి కూడాను. అంత పెద్ద నివేదికకు సారం ఒక్క ముక్కలో చెప్పవలసివస్తే, మీ పల్లెలో రైఫైజన్ వంటి మనిషిని వెతికి పట్టుకోండి అన్నదే. దాని ఫలితంగానూ, ఇతర పరిశీలనల ఫలితంగానూ 1904లో మన దేశానికి సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడే, 1905లో, గదగ్ దగ్గర కణగినహాళ్ గ్రామంలో సిద్దనగౌడ పాటిల్ గారు పరపతి సంఘం స్థాపించారు. కర్ణాటకలోని మన సభ్యులు అటు పోయినప్పుడు ఆ ఊరు చూసి రావచ్చు. మన దేశంలో ముందు చట్టం వచ్చింది, తరువాత సంఘం వచ్చింది. డెజార్డిన్ ఊరిలో దీనికి తలక్రిందులుగా జరిగింది. ఆ తలక్రిందుల వల్ల వచ్చిన కష్టం ముందు చెబుతాము.

మూడేళ్ళ ఉత్తరాల తరువాత ఆయన యూరపు నమూనాలలో దేనినీ ఉన్నదున్నట్టు తీసుకోలేదు. దరజీ పాత చొక్కాలు విప్పి కొత్తది కుట్టినట్టు తన ఊరి ఒడ్డూ పొడుగూ చూసి కత్తిరించుకొన్నారు. 1900 డిసెంబరు 6వ తేదీ రాత్రి లేవీలో ఒక హాలులో సభ జరిగింది. నూరుమందికి పైగా సంతకాలు చేశారు. దానికి పెట్టిన పేరు కేస్ పొప్యులేర్. కేస్ అంటే పెట్టె, డబ్బు పెట్టె. ప్రజల పెట్టె అని మనం చెప్పుకోవచ్చు.

పెట్టె నియమాలు కొంచెం వివరంగా చెప్పాలి. ఒక వాటా విలువ 5 డాలర్లు. కూలిజనానికి 5 డాలర్లు ఒక్కసారి తీయడం కష్టం గనుక వారానికి 10 సెంట్ల చొప్పున కట్టవచ్చు. అంటే ఒక వాటాకు యాభై వారాలు. పది సెంట్లు కట్టడానికి సిగ్గుపడనక్కరలేదు, ఎందుకంటే పెట్టె కట్టినదే దానికి. ఎవరికి ఎన్ని వాటాలున్నా ఓటు ఒక్కటే. సభ్యులంతా ఒకే పారిష్‌వారై ఉండాలి, అనగా ఒకే చర్చి పరిధిలోని ఇరుగుపొరుగు. అప్పు అడిగినవాని ఇల్లు, పని, తాగుడు ఉన్నదీ లేనిదీ, మాట మీద నిలిచేదీ లేనిదీ తెలిసినవారే అతని అర్జీని చూస్తారు. తాకట్టు పెట్టడానికి ఏమీ లేనివానికి నడతే తాకట్టు. అప్పు దేనికని అడుగుతారు. పనిముట్లకా, శెట్టి దుకాణంలో పాత బాకీ తీర్చి ఇకమీదట రొక్కానికి కొనుక్కోవడానికా, లేక ఆడంబరానికా?

పాలకవర్గం ఒకటి, అప్పులు మంజూరు చేసే కమిటీ ఒకటి, లెక్కలు తనిఖీ చేసే కమిటీ ఒకటి. మూడింటినీ సభ్యులే ఎన్నుకొంటారు. వీరెవరికీ జీతం లేదు. అంతేకాదు, మంజూరు కమిటీలోను తనిఖీ కమిటీలోను కూర్చున్నవారికి ఆ పెట్టెలోనుంచి అప్పు పుట్టదు. మా మట్టుకు ఈ చివరి నియమం దగ్గర పుస్తకం మూసి కొంతసేపు కూర్చున్నాము. మేము ఎరిగిన ఒక సంఘంలో, పేరెందుకు, మంజూరు చేసే చేతులే పుచ్చుకొనే చేతులు కూడా అయ్యాయి. మూడేళ్ళలో తలుపు మూతబడింది. చిన్నవాళ్ళ డబ్బు పోయింది. అందులో మావారివీ కొన్ని ఉన్నాయి.

జీతం లేకపోవడానికి కారణం ధర్మచింతన ఒక్కటే కాదు. లెక్క కూడా ఉంది. వారానికి పది సెంట్లు కట్టేవారి పెట్టెకు గుమాస్తాను పెడితే, గుమాస్తా జీతం కోసం వడ్డీ పెంచాలి. వడ్డీ పెంచితే పెట్టె పెట్టిన ప్రయోజనమే పోతుంది. పెద్ద బ్యాంకు చిన్న ఖాతాను పట్టించుకోకపోవడానికీ ఇదే కారణం. పది సెంట్ల ఖాతా వ్రాయడానికీ పదివేల ఖాతా వ్రాయడానికీ సిరా అంతే ఖర్చవుతుంది. ఆ సిరా ఖర్చు, ఆ సాయంకాలాల ఖర్చు ఎవరో ఒకరు తమ చేతినుంచి పెట్టుకొంటే తప్ప బీదవాని ఖాతా నిలవదు.

1901 జనవరి 23వ తేదీన పెట్టె తెరిచారు. మొదటివారు కట్టినది పది సెంట్లు. ఆనాటి వసూలు మొత్తం 26 డాలర్ల 40 సెంట్లు.

పెట్టె తెరిచిన కొద్ది రోజులకే పార్లమెంటు సమావేశాలు. డెజార్డిన్ ఒట్టావాకు పోక తప్పదు, అది అన్నం పెట్టే ఉద్యోగం. ఆయన లేనప్పుడు మొదట్లో మరొకరు చూసుకొన్నారు. 1903 మొదలుకొని ఆ భారం డొరిమెన్ మీద పడింది. మోన్ మరీ వీధిలోని వారి ఇంట్లోనే వ్యవహారం. ఆమె పదిమంది పిల్లల తల్లి. ఒక చేత వంటగది, ఒక చేత పద్దుపుస్తకం. తలుపు తట్టినవారి డబ్బు పుచ్చుకొని, పాసు పుస్తకంలో వ్రాసి, అప్పు వాయిదా తెచ్చినవారికి రసీదు ఇచ్చి, రాత్రికి నిలువ సరిచూసి, సంశయమున్నచోట భర్తకు ఉత్తరం వ్రాయడం. ఇది ఆమె దినచర్య. దీనికి ఆమెకు పదవి లేదు, తొలి సంవత్సరాలలో ప్రతిఫలమూ లేదు. ఆనాటి క్విబెక్ పౌరస్మృతి ప్రకారం పెళ్ళయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా తన పేరుమీద ఒప్పందం చేసుకోవడానికి కూడా వీలులేదు. ఊరి పొదుపు యావత్తూ ఆమె చేతిమీదుగా పోతుంది, ఆమె సంతకానికి మాత్రం విలువ లేదు!

మేము పైన చెప్పిన తలక్రిందుల సంగతి ఇక్కడ వస్తుంది. పెట్టె నడుస్తున్నది గాని దానికి చట్టం లేదు. చట్టం దృష్టిలో సంఘమనేదే లేదు. రేపు ఏ కారణం చేతనైనా పెట్టె దివాలా తీస్తే, కట్టినవారు ఎవరిని అడుగుతారు? స్థాపించినవారినే. ఆ ఇల్లు, ఆ సామాను, ఆ జీతం అన్నీ దానికి జవాబు చెప్పుకోవలసినవే. పెట్టె పెరిగినకొద్దీ సంతోషం పెరగాలి గదా, డొరిమెన్‌కు భయం పెరిగింది. తమకు ఏమైనా జరిగితే పిల్లల గతి ఏమిటని ఆమె కలవరపడ్డారు. భర్త ఉన్నది వందల మైళ్ళ దూరాన. డబ్బు పెట్టె ఉన్నది తన ఇంట్లో. రాత్రిపూట దానిని కనిపెట్టుకొని ఉండేదీ తానే. ఆ స్థితిలో ఎవరైనా, ఈ గొడవ మనకు వద్దు, ఎవరి డబ్బు వారికి ఇచ్చివేద్దామనే అంటారు. ఆమె భయపడుతూనే పద్దు వ్రాశారు. మేము ఆమెను ధైర్యశాలి అని పొగడబోవడం లేదు. భయపడినదని చెప్పడమే ఆమెకు ఎక్కువ గౌరవమని మాకు తోస్తుంది.

డెజార్డిన్ చట్టం కోసం ఒట్టావాలో మంత్రుల గుమ్మాలు ఎక్కి దిగారు. అక్కడ పని కాలేదు. చివరకు క్విబెక్ రాష్ట్ర ప్రభుత్వం, లోమెర్ గూయె ప్రధానిగా ఉండగా, 1906 మార్చిలో సహకార సంఘాల చట్టం చేసింది. ఐదేళ్ళకు పైగా చట్టం నీడలేకుండా నడిచిన పెట్టెకు నీడ దొరికింది. డొరిమెన్ గుండెలమీద బరువు దిగింది.

దేశమంతటికీ వర్తించే చట్టం కోసం ఆయన ప్రయత్నం మానలేదు. 1907లో పార్లమెంటు కమిటీ ముందు తానే సాక్షిగా నిలబడి, లేవీలో ఇచ్చిన అప్పులలో అంతవరకు ఒక్క సెంటు కూడా మునగలేదని లెక్కలతో చూపారు. పదిహేనేళ్ళు ఇతరుల మాటలు వ్రాసుకొన్న మనిషి మాటలను ఆనాడు ఇతరులు వ్రాసుకొన్నారు. 1908లో దిగువసభ బిల్లును ఆమోదించింది. చిల్లర వర్తకుల సంఘం వారు అడ్డుపడ్డారు. ఎగువసభలో బిల్లు ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఒక్క ఓటు! ఆయన బ్రతికి ఉండగా ఆ చట్టం రానేలేదు.

1906 తరువాత ఆయన జీవితమంతా ప్రయాణాలే. ఏదైనా పారిష్‌నుంచి పిలుపు వస్తే సెలవు రోజులలో రైలెక్కి పోయి, చర్చి హాలులో ఊరివారిని కూర్చోబెట్టి, పెట్టె సంగతి చెప్పి, కమిటీలు ఎన్నిక చేయించి, పద్దులు వ్రాసే విధం చూపి తిరిగి వచ్చేవారు. తరువాత ఆ ఊరి కార్యదర్శికి వచ్చే ప్రతి సందేహానికీ ఉత్తరంలో జవాబు. ఇంట్లో ఉత్తరాల పని ఇంటిల్లిపాదికీ పంచబడింది. కూతురు ఆల్బెర్టీన్ తండ్రికి కార్యదర్శిగా పనిచేసింది. ఇలా ఆయన నూటికి పైగా పెట్టెలు స్వయంగా స్థాపించారు. పారిష్ గురువులు ఆయనకు కుడిభుజం. గ్రోందె అనే గురువు ప్రశ్నోత్తరాల రూపంలో ఒక చిన్న పుస్తకం వ్రాసి 1910లో ప్రచారం చేశారు. గురువుల అండ వల్ల నమ్మకం త్వరగా కుదిరింది. దానివల్లనే పెట్టె ఒక మతానికి, ఒక భాషకు గిరిగీసుకొన్నదన్న మాట కూడా నిజమే. ఆయన కాలానికి అది బలం. పక్కవీధిలోని పరభాషావారికి అది మూసిన తలుపు. రెండూ చెప్పుకోవాలి.

పరరాష్ట్రపు తెలుగువాళ్ళంగా మాకు అన్నింటికంటె దగ్గరగా తగిలిన ఘట్టం ఇకమీద వస్తుంది. పంతొమ్మిదవ శతాబ్ది నడుమనుంచి క్విబెక్‌నుంచి లక్షలాది ఫ్రెంచి కెనడియనులు, ఊళ్ళో పొలం చాలక, అప్పు తీరక, సరిహద్దు దాటి అమెరికా ఈశాన్య రాష్ట్రాల బట్టల మిల్లులకు వలసపోయారు. న్యూహాంప్‌షైర్‌లోని మాంచెస్టర్ పట్టణంలో ఆమొస్కెగ్ మిల్లులు ఉండేవి. ఒకప్పుడు ప్రపంచంలో అంత పెద్ద నూలుబట్టల మిల్లు మరొకటి లేదు. నదికి పడమటి ఒడ్డున వలసవారి ఇళ్ళు, వారి చర్చి, వారి బడి, వారి భాష. బొంబాయి మిల్లుల పేటలలో మన నల్లగొండ, కరీంనగరం, పాలమూరు వారు నాలుగంతస్తుల చాళ్ళలో కట్టుకొన్న జీవితం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పగలంతా పరాయి భాషలో కూలి, రాత్రికి సొంత భాషలో అన్నం.

1908 నవంబరులో మసాచుసెట్స్ రాష్ట్ర బ్యాంకుల కమిషనరు పియర్ జే పిలుపు మీద డెజార్డిన్ బోస్టన్ వచ్చి సహకార పరపతి గురించి మాట్లాడారు. ఆ ప్రయాణంలోనే మాంచెస్టర్‌లోని సెయింట్ మేరీ పారిష్ గురువు ఎవే గారు ఆయనను పిలిపించుకొన్నారు. నవంబరు 24వ తేదీన ఆ వలస కూలీల నడుమ అమెరికాలో మొట్టమొదటి క్రెడిట్ యూనియన్ పుట్టింది. దానికి ఆఫీసు లేదు. జోసెఫ్ బోయివిన్ అనే న్యాయవాది ఇంట్లో వ్యవహారం మొదలుపెట్టారు. లేవీలో ఇల్లే ఆఫీసు, ఇక్కడా ఇల్లే ఆఫీసు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉన్నది. అమెరికా క్రెడిట్ యూనియన్ల మ్యూజియంగా దానిని కాపాడుకొంటున్నారు. 1909లో న్యూహాంప్‌షైర్ శాసనసభ దానికి అనుమతిపత్రం ఇచ్చింది. అదే సంవత్సరం మసాచుసెట్స్ క్రెడిట్ యూనియన్ల కోసం ప్రత్యేక చట్టం చేసింది.

రెండవ ముడి కూడా ఇక్కడే. ఆ చట్టానికి పాటుపడిన వారిలో బోస్టన్ వర్తకుడు ఎడ్వర్డ్ ఫైలీన్ ఒకరు. ఆయన 1907లో లోకసంచారం చేస్తూ మన దేశానికి వచ్చి, బెంగాలులో గూర్లే అనే అధికారి వెంట పల్లెలు తిరిగి, రైతుల పరపతి సంఘాలు చూసి ముచ్చటపడి పోయారు. తరువాత తన ధనంలో పెద్ద భాగం అమెరికాలో ఈ ఉద్యమానికే ఖర్చుపెట్టారు. యూరపు పుస్తకం మద్రాసుకూ వచ్చింది, ఒట్టావాకూ పోయింది. బెంగాలు పల్లెలో కనబడిన దృశ్యం, లేవీలో పుట్టిన పద్ధతి రెండూ పోయి బోస్టన్‌లో కలిశాయి. ఎవరు ఎవరికి నేర్పారో తేల్చడం కష్టం. 1934లో అమెరికా కేంద్ర ప్రభుత్వం చేసిన క్రెడిట్ యూనియన్ చట్టం కూడా పాలకవర్గ సభ్యులలో ఒక్క అధికారికి తప్ప ఎవరికీ జీతం ఉండరాదన్నది. నేటికీ అక్కడ వేలాదిమంది సాధారణోద్యోగులు, టీచర్లు, రిటైరైన కార్మికులు సాయంకాలాలు కూర్చొని తమవంటివారి అప్పుల అర్జీలు, పద్దులు చూస్తున్నారు.

1914 ప్రాంతంలో డెజార్డిన్‌కు మూత్రపిండాల జబ్బు ముదిరింది. ప్రయాణాలు తగ్గి, ఆగిపోయాయి. 1917లో పార్లమెంటు ఉద్యోగమూ వదిలారు. మంచం పట్టిన మనిషిని ఒక చింత పీడించింది. పెట్టెలు నూటికి మించి ఉన్నాయి, వాటన్నిటికీ సలహా చెప్పేది, సందేహం తీర్చేది తానొక్కడే. తాను పోతే? అన్ని పెట్టెలనూ కలిపి ఒక సమాఖ్య ఏర్పరచాలని, లెక్కల తనిఖీ వ్యవస్థ ఉండాలని 1920లో ఉత్తరాలు వ్రాయించారు. కొందరు సరే అన్నారు, కొందరు మా పెట్టె మాది, పైవారి పెత్తనమెందుకు అన్నారు. ఆ మాట విన్నప్పుడు మాకు మన సంఘాల సర్వసభ్య సమావేశాలు జ్ఞాపకం వచ్చి నవ్వు వచ్చింది. సమాఖ్య కుదరకముందే, 1920 అక్టోబరు 31వ తేదీన, ఆయన లేవీలో తన ఇంట్లోనే కన్నుమూశారు. అప్పటికి సభ్యులు ముప్పైవేలకు పైచిలుకు.

ఒంటిచేతి మీద అంతా నడపడం ఆయన గొప్పతనమని కొందరు వ్రాశారు. మేము అది లోపమనే అనుకొంటాము. ఉచితంగా పనిచేసేవాడు పనిని ఇతరులకు అప్పగించడు. జీతగాడైతే సెలవు పెడతాడు, ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు. మన సంఘాలలో కూడా గౌరవ కార్యదర్శి పదిహేనేళ్ళు ఒకే కుర్చీలో కూర్చొని, ఆయన పోగానే తాళంచెవులు ఎక్కడున్నాయో తెలియని స్థితి మనం చూడలేదా?

లేవీలో తాళంచెవులు డొరిమెన్ దగ్గర ఉన్నాయి. భర్త పోయిన తరువాత పన్నెండేళ్ళు ఉద్యమంలోని పెద్దలు చిక్కు వచ్చినప్పుడల్లా మోన్ మరీ వీధికి వచ్చి ఆమెను అడిగేవారు. మొదట పెట్టె ఎట్లా నడిచింది, నియమం వెనుక ఉద్దేశం ఏమిటి అన్నది ఆమెకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. ప్రాంతీయ సమాఖ్యలు ఒక్కొక్కటే ఏర్పడ్డాయి. 1932 జూన్‌లో ఆమె చనిపోయారు. భర్త కోరిన రాష్ట్ర సమాఖ్య ఆ సంవత్సరమే ఏర్పడింది.

ఆ పెట్టెలు తరువాత వందలుగా, ఆపైన వేయికి మించి పెరిగి, ఇటీవలి దశాబ్దాలలో ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఇప్పుడు కెనడాలో అతిపెద్ద సహకార ఆర్థిక సంస్థగా ఉన్నాయి. ప్రధాన కార్యాలయం ఇప్పటికీ లేవీలోనే. ఇల్లు మ్యూజియం అయింది. ఆ సంస్థవారు ఈనాడు భార్యాభర్తలిద్దరినీ స్థాపకులుగానే చెప్పుకొంటున్నారు. క్విబెక్‌లో పెళ్ళయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా సొంత సంతకంతో ఒప్పందం చేసుకోవచ్చునన్న చట్టం మాత్రం 1964లో వచ్చింది. అప్పటికి డొరిమెన్ పోయి ముప్పై రెండేళ్ళు.